తార రాసిన రిజిస్టర్లు

దరఖాస్తు ఫారాల్లో గడులు గీసేవాడికి మనుషుల మీద ఏదో పాత కోపం ఉండి ఉంటుందని నా నమ్మకం. ఇరవై రెండేళ్లు సూర్యాపేట బస్టాండు ఎదురుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను. పొద్దున పిల్లలకు టైపు నేర్పేవాణ్ణి, పగలంతా వచ్చినవాళ్లకు దరఖాస్తులు కొట్టిచ్చేవాణ్ణి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, చదువు, అనుభవం. ఎంతమంది బతుకుల్ని ఆ ఆరు గడుల్లో ఇరికించానో నాకే తెలియదు. ఉద్యోగం వచ్చినవాళ్లు మిఠాయి పొట్లం తెచ్చేవారు. రానివాళ్లు ఇంకో ఫారం తెచ్చేవారు. తార పదిహేనేళ్లు ఫారాలే తెచ్చింది.

ఆమెను మొదటిసారి చూసింది ఎనభై అయిదులో. మోతె అవతలి తండా నుంచి మంగ్త్యా అనే పెద్దమనిషి కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల సూర్యాపేట హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైంది. ఆడా మగా కలిపి ఆ తండాలో పది పాసైన మొదటి మనిషి. మంగ్త్యా సంచిలోంచి మార్కుల కాగితం తీసి నా బల్ల మీద పరిచి, ముడతలు పోయేదాకా అరచేత్తో సాపు చేశాడు.

"సారూ, పిల్లలను సూసుకునే సర్కారు కొలువు పడ్డదంట. మా తారాకు జర రాసియ్యి" అన్నాడు.

పడ్డది అంగన్‌వాడీ టీచరు పోస్టు. చిన్నపిల్లలకు తిండి పెట్టాలి, ఆటపాటలు నేర్పాలి, నెలనెలా బరువు తూచి రాయాలి. పెద్ద కొలువేమీ కాదు. ఇచ్చేదాన్ని జీతమనడానికి కూడా సర్కారుకు మనసు రాక గౌరవ వేతనం అని పేరు పెట్టింది. కానీ తార చూపు దాని మీద లేదు, దాని పైమెట్టు మీద ఉంది. పదేళ్లు టీచరుగా పనిచేసినవాళ్లు సూపర్‌వైజరు ఉద్యోగానికి పోవచ్చు. హాస్టలుకు ఒకసారి అలాంటి సూపర్‌వైజరమ్మ వచ్చిందట. ఒక్కొక్క పిల్లను దగ్గరికి పిలిచి, ఏం తిన్నావు, ఎందుకు చిక్కిపోయావు అని అడిగి రాసుకుందట. అంతకుముందు ఎవరూ తనను ఆ మాట అడగలేదట.

"నేను ఆమె లెక్క కావాలె సార్" అంది తార. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు ఉంటాయి. నా కళ్లలోకి చూస్తూ చెప్పింది.

నేను ప్రకటన చదివాను. పది పాసై ఉండాలి. స్థానికురాలై ఉండాలి. వివాహితై ఉండాలి.

"పెండ్లి కాలేదు గదా, కుదరదు" అన్నాను.

"లగ్గమైతే వస్తదా?" అన్నాడు మంగ్త్యా.

"లగ్గమై అత్తగారి తండాకు పోతే గీడ లోకల్ కాదు. ఈడ్నే ఉండాలె, పెండ్లి గూడ కావాలె" అని పెద్ద వకీలులా విడమరిచి చెప్పాను.

మంగ్త్యా మార్కుల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఆఖరు తారీకు ఎప్పుడు సారూ?"

"ఇంక పన్నెండు దినాలున్నది."

పదకొండో రోజు మళ్లీ వచ్చారు, ఈసారి ముగ్గురు. తార చేతులకు మోచేతి పైదాకా కొత్త గాజులు. పక్కన ఆత్మకూరు దిక్కు తండా నుంచి ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడు, గోప్యా. కొత్త చొక్కా మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇల్లరికం రావడం వాళ్లలో మగవాడికి నామోషీ. ఆ నామోషీ అంతా అతని ముఖంలో ఉంది. దరఖాస్తులో ఒక గడి నింపడానికి కూతురికి పెళ్లి చేసిన తండ్రిని నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. ‘వివాహిత’ అని కొట్టాను. తార ఒకటికి రెండుసార్లు చదువుకుని కింద సంతకం పెట్టింది. ఏ కాగితమైనా రెండుసార్లు చదవందే సంతకం పెట్టేది కాదు.

తండాకు కేంద్రం మంజూరైంది. తండాలోని పిల్లల తలలు లెక్కపెట్టే మంజూరు చేశారు. కాగితం మీద మాత్రం ఊరి పేరు రాశారు, ఎందుకంటే తండా ఆ ఊరికి శివారు. కాబట్టి స్థానికురాలంటే ఊరి మనిషేనని అర్థం చెప్పారు. ఎనభై ఆరులో టీచరు పోస్టు ఊళ్లో భూములున్న పెద్దింటి కోడలు పుష్పలతకు పోయింది. ఆమె కాపురం కోదాడలో. భర్తకు అక్కడ ఎరువుల దుకాణం. రేషన్ కార్డు మాత్రం ఊళ్లో ఉంది. మనిషి ఎక్కడుంటే ఏమిటి, కార్డు స్థానికంగా ఉంటే చాలు. తారకు ఆయా పోస్టు ఇచ్చారు. నీళ్లు మోయడం, పొయ్యి వెలిగించడం, పిల్లల ముక్కులు తుడవడం.

"చేరాల్నా, వద్దా సార్?" అని నన్నే అడిగింది.

"చేరు బిడ్డా. కాలు లోపల వెట్టినవంటే మెల్లగ పోస్టు గూడ నీదే అయితది" అన్నాను. సలహాలివ్వడంలో నా చెయ్యి ఎప్పుడూ ధారాళమే.

మరుసటి ఏడాది టీచర్లకు మిర్యాలగూడలో మూడు నెలల శిక్షణ పెట్టారు. అక్కడే ఉండి నేర్చుకోవాలి. పుష్పలత తారను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మంచి మనిషి. వెటకారంగా అనడం లేదు, నిజంగానే మంచిది. నవ్వుతూ పలకరిస్తుంది, ఎవరినీ నువ్వు అనదు.

"శంకరయ్య గారూ, మా బాబుకి రెండేళ్లండి. వాణ్ణి వదిలి మూడు నెలలు ఎలా ఉంటాను చెప్పండి? తార ఎటూ చదువుకున్న పిల్ల. నా బదులు తను వెళ్లొస్తే, ఏడాది తిరక్కుండా నేను రాజీనామా చేసి పోస్టు తనకే ఇప్పిస్తాను. నాకీ ఉద్యోగం ఎందుకండీ? మావారు చేరమంటే చేరాను గానీ" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె అబద్ధమాడిందని ఇప్పటికీ అనుకోను. ఆ ఉద్యోగం ఆమెకు నిజంగానే అక్కర్లేదు. అక్కర్లేనిది కూడా ఇంకొకరికి ఇవ్వాలంటే చెయ్యి రాదని అప్పటికి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

తార నా వైపు తిరిగింది. "మీరేమంటరు సార్?"

"మంచిదే గదా. నేర్సుకున్నది నీ తలకాయల ఉంటది. కాగితం మీద ఎవలి పేరుంటే ఏంది?" అన్నాను. కాగితాల మీద పేర్లు కొట్టి పొట్టపోసుకునే నేను ఆ మాట అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

శిక్షణ ఫారం నేనే నింపాను. ఫొటో అడగలేదు. సంతకం దగ్గర తార ‘పుష్పలత’ అని రాసింది, నా బల్ల మీదే, నా పెన్నుతోనే. ఆ రోజు మాత్రం రెండుసార్లు చదవలేదు.

మూడు నెలల తర్వాత వచ్చి కబుర్లు చెప్పింది. హాజరు పిలిస్తే మొదట్లో పలకడం మరిచిపోయేదట. "ఇంకో తారా ఉండె సార్ మా బ్యాచిల. ఎవలన్న తారా అని పిలిస్తే ఇటు మర్రకుండ ఉండెటందుకు పరేషానయ్యేదాన్ని" అని నవ్వింది. ఆ బ్యాచిలో ఆమెదే మొదటి స్థానం. సర్టిఫికెట్ కోదాడకు పోయి, పుష్పలత ఇంటి ముందుగదిలో అద్దాల చట్రంలో కూర్చుంది.

అక్కడి నుంచి కేంద్రం నడిపింది తారే. పొయ్యి ఆమెదే, బోర్డు ఆమెదే. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ మాట తప్ప తెలుగు రాదు. శిక్షణలో ఇచ్చిన పాటలు వాళ్లకు ఎక్కలేదు. తార వాళ్ల భాషలో తనే పాటలు కట్టింది. రంగులు నేర్పడానికి బొమ్మల పుస్తకం పక్కనపెట్టి, తల్లుల పరికిణీల మీద కుట్టుపని చూపించింది. దూలానికి త్రాసు వేలాడగట్టి, నెలనెలా ఒక్కొక్క పిల్లను జోలెలో కూర్చోబెట్టి తూచి, గుండ్రటి అక్షరాలతో రిజిస్టర్లో రాసేది. నెలాఖరున ఆ రిజిస్టర్లన్నీ మూటగట్టుకుని బస్సులో కోదాడ పోయేది. పుష్పలత టీ ఇచ్చి, కూర్చోబెట్టి, సంతకాలు చేసి పంపేది. తనిఖీ ఉందని తెలిసిన రోజు మాత్రం స్కూటరు మీద తండాకు వచ్చి కుర్చీలో కూర్చునేది.

ఇక రాజీనామా సంగతి. ఎనభై ఎనిమిది జూన్‌లో తార వచ్చి, "టీచరమ్మకు రాసుకునే టైం లేదంట సార్, మీరే కొట్టియ్యిండ్రి" అని పుష్పలత పేరిట రాజీనామా లేఖ కొట్టించుకుని పోయింది. సంతకం ఒక్కటే తరువాయి. పుష్పలత దాన్ని సొరుగులో పెట్టి, బాబును బళ్లో వేశాక చూద్దామంది. తర్వాతి జూన్‌కు తేదీ పాతబడింది, ఇంకోటి కొట్టాను. ఆ తర్వాతి జూన్‌కు ఇంకోటి. ఏటా బళ్లు తెరిచే రోజుల్లో ఆ లేఖ కొట్టడం నాకొక అలవాటైంది. ప్రతిదానికీ ఒక కార్బన్ కాపీ నా ఫైల్లో ఉండేది.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో తారకు ఆడపిల్ల పుట్టింది. నీలా అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలకు, వానల్లో, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రోజు నెలాఖరు. తార రిజిస్టర్ల మూటతో కోదాడలో ఉంది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించాలని తండాలో ప్రతి తల్లికీ చెప్పింది తారే. సొంత ఇంట్లో మాత్రం, నీళ్లు పడితే ఇంకా ఎక్కువైతదని మంగ్త్యా పిల్ల నోట్లో చుక్క పొయ్యనివ్వలేదు. పాతకాలపు మనిషి, తనకు తెలిసిన మంచే చేశాడు. తార సాయంత్రం బస్సు దిగేసరికి పిల్ల మెడ నిలపడం లేదు. సూర్యాపేట దవాఖానకు తెస్తుంటే దారిలోనే పోయింది. పుష్పలత తండాకు వచ్చి, తార చేతులు పట్టుకుని ఏడ్చి పోయిందని విన్నాను. మంగ్త్యా ఆ తర్వాత రెండేళ్లు బతికాడు గానీ, నా దగ్గరికి మళ్లీ రాలేదు.

ఇదంతా జరిగాక కూడా జూన్ వస్తే తార వచ్చేది. అడిగితే తప్ప పిల్ల ఊసు ఎత్తేది కాదు. నేను అడగలేదు.

తొంభై ఎనిమిది మేలో వచ్చినప్పుడు చేతిలో అంటించని కవరు ఉంది.

"టీచరమ్మ పంపింది సార్. రేపటికల్ల కొట్టియ్యమన్నది."

సూపర్‌వైజరు పోస్టులు పడ్డాయి. పదేళ్లకు తక్కువ కాకుండా పనిచేసిన అంగన్‌వాడీ టీచర్లు అర్హులు. ఇది పుష్పలత దరఖాస్తు చిత్తుప్రతి. పన్నెండేళ్ల అనుభవం. శిక్షణలో ప్రథమ స్థానం. గిరిజన పిల్లలకు వారి భాషలోనే పాటలు కట్టి నేర్పుట. ఒక్క నెల కూడా తప్పకుండా బరువుల నమోదు. తార బస్సులోనే అదంతా చదివేసిందని ముఖం చెబుతోంది.

"టీచరమ్మకు మా భాషల ఒక్క ముక్క రాదు సార్" అంది.

"రాజీనామా ఏమాయె?"

"సూపర్‌వైజరయితే టీచర్ పోస్టు ఖాళీ అయితది, అప్పుడు నీకే అన్నది. మస్తు ఖుషీగ చెప్పింది." తార ఖాళీ కవరును గుప్పిట్లో నలిపింది. "నాకు గిప్పుడు టీచర్ పోస్టెందుకు సార్? పన్నెండేండ్లు నేను చేసిన. పైకొలువు నాది. గది ఆమె తీసుకొని, కిందిది నాకిస్తదంట."

చాలా ఏళ్ల తర్వాత ఆమె కోపం చూశాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. అయితే ఆ సంతోషం వెనకే భయం కూడా వచ్చింది.

"ఏం చేద్దామంటవ్?"

"పెద్దాఫీసుకు అర్జీ పెడుత. ట్రైనింగ్ నేను చేసిన, రిజిస్టర్లు నేను రాసిన అని. రాత సూస్తే ఎవలికైన ఎర్కయితది. ఇంకోటి గూడ ఉన్నది సార్. అది నేను దప్ప ఎవలు రాయరు."

అప్పుడు చెప్పింది. నీలా పోయిన నెలలో కేంద్రంలో పిల్లల లెక్క సరిగ్గా సరిపోయేటట్టు ఉంది. ఒక్క పేరు తగ్గినా పక్క ఊరి కేంద్రంలో కలిపేస్తారు. ఈ నెలకు పేరు ఉండనీ, తర్వాత కొట్టేద్దాం అంది పుష్పలత. మరుసటి నెల కూడా అదే మాట అంది. మూడో నెలకు ఆమె మరిచిపోయింది.

"నేను మరువలే సార్. కొట్టెయ్యబుద్ధి గాలే. రిజిస్టర్ల పిల్ల పెరుగుతనే ఉండె. నెలకు నూటయాభై గ్రాములు, రెండువందల గ్రాములు ఏసుకుంట పోయిన. ఒక్క నెల గూడ తగ్గనియ్యలే."

మిషన్‌లోకి కాగితం ఎక్కిస్తూ కళ్లు తుడుచుకున్నాను. తర్వాత తెలివి వచ్చింది.

"తారా, గిది రాస్తే తప్పు రాసినని నువ్వే ఒప్పుకున్నట్టయితది."

"తప్పే సార్. కానీ రాసింది నేనే అని తెలుస్తది గదా. మీరు గూడ ఉన్నరు. ఫారం నింపింది మీరే, లెటర్లు కొట్టింది మీరే."

ఆ రోజు రెండూ కొట్టాను. పుష్పలత దరఖాస్తు, తార అర్జీ. ఒకటే మిషన్, ఒకటే రిబ్బను. రెండింట్లోనూ పని ఒకటే, పేర్లు వేరు.

విచారణ జులైలో, మిర్యాలగూడలో. తారతో నేనూ గోప్యా పోయాం. నా సంచిలో పది రాజీనామా లేఖల కార్బన్ కాపీలు పెట్టుకున్నాను. వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు గోప్యా అన్నాడు, "గీ కొలువు లేకుంటే నేను మా తండాలనే ఉండేటోన్ని సార్. దీనికోసమే తోల్కొచ్చిండ్రు నన్ను." నవ్వుతూనే అన్నాడు. తార కూడా నవ్వింది.

విచారణాధికారి నెమ్మదస్తుడు. అందరినీ కూర్చోమన్నాడు. పుష్పలత తెల్లచీరలో వచ్చింది, ముఖం పాలిపోయి ఉంది.

"సంతకాలన్నీ నావేనండి. రాయడంలో అప్పుడప్పుడు తను సాయం చేసేది, కాదనను" అంది.

అధికారి తారను అడిగాడు. "శిక్షణకు ఈమె బదులు నువ్వు వచ్చావంటున్నావు. సాక్షి ఎవరు?"

"శంకరయ్య సార్ ఉన్నడు. ఫారం నింపింది ఆయినెనే."

అధికారి కళ్లద్దాలు సవరించుకుని నా వైపు చూశాడు. "ఒకరి పేరుతో ఇంకొకరు పోతున్నారని మీకు తెలుసా? తెలిసే నింపారా?"

ఒక్క ప్రశ్న. అవునంటే నేరంలో నేనూ భాగస్తుణ్ణి. నా ఇన్‌స్టిట్యూట్‌కు సర్కారు గుర్తింపు ఉంది, ఏటా రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. అది పోతే నేను రోడ్డు మీద పడతాను. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను. ఇలాంటి లెక్కలకు నా బుర్ర భలే పనిచేస్తుంది.

"గుర్తులేదు సార్. రోజుకు ఎన్నో ఫారాలు నింపుత" అన్నాను.

సంచి నా ఒళ్లోనే ఉంది. దాని మూతి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. తార నన్ను చూసి, తల తిప్పుకుని, మళ్లీ నా వైపు చూడలేదు.

"సరే. రాత నీదంటున్నావు కదా, రాసి చూపించు" అని అధికారి ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. "రిజిస్టర్లో ఉన్నదే, ఏదైనా."

తార పెన్ను తీసుకుంది. పైన నీలా అని రాసింది. తల్లి తార, తండ్రి గోప్యా. పుట్టిన నెల. పుట్టినప్పటి బరువు. తర్వాత నెల, దాని ఎదురుగా బరువు. ఆ తర్వాతి నెల, దాని బరువు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా కొట్టివేయలేదు. పదకొండు నెలలు దాటింది, రాస్తూనే ఉంది. మొదట్లో అధికారి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాసేపటికి లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తర్వాత ఆ ఏళ్ల రిజిస్టర్లు తెప్పించి, గుమాస్తా చదువుతుంటే ఒక్కొక్కటీ సరిచూశాడు. కాగితం వెనక వైపు కూడా నిండింది, ఇంకోటి ఇచ్చారు. మూడేళ్లు, నాలుగేళ్లు. ఒక్క అంకె తేడా రాలేదు. అయిదేళ్లు నిండిన నెల దగ్గర పదహారు కిలోలు అని రాసి, పక్కన ‘బడికి పంపనైనది’ అని రాసి పెన్ను కింద పెట్టింది.

రిజిస్టర్లోనూ అదే మాట ఉంది.

"ఏ బడి?" అన్నాడు అధికారి. మామూలుగానే అడిగాడు.

"పదకొండు నెలలకే పోయింది సార్" అంది తార. "దాని తర్వాతియి అన్నీ నేనే రాసిన."

అధికారి తన కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాత ఒకటే. రిజిస్టర్లు రాసింది ఈమే, సందేహం లేదు" అన్నాడు. గెలిచింది అనుకున్నాను. నేను నోరు విప్పకపోయినా తనంతట తానే గెలిచిందని, సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఆయన గుమాస్తాకు చెప్పి రాయించాడు. "చనిపోయిన శిశువు పేరిట నాలుగేళ్లకు పైగా తప్పుడు నమోదులు చేసి, ఆ పేరిట కేంద్రానికి ఆహారం రాబట్టినట్లు ఆయా స్వయంగా ఒప్పుకున్నది. చేతిరాత కూడా సరిపోయినది. శిక్షణకు సంబంధించిన ఆరోపణకు సాక్ష్యం లేదు."

పుష్పలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నమ్మి అప్పజెప్పానండి. సొంత పిల్ల పేరు మీద ఇలా రాస్తుందని కలలో కూడా అనుకోలేదు" అంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. పేరు ఉండనీ అన్న మాట ఆమెకు నిజంగానే గుర్తులేదు. నాకు గుర్తుండి లేదన్నాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్లో నాకు తెలుసు.

తారను ఆయా పోస్టు నుంచి తీసేశారు. పుష్పలతకు పర్యవేక్షణ లోపమని ఒక మెమో ఇచ్చారు. తొంభై తొమ్మిది మొదట్లో ఆమె సూపర్‌వైజరు అయింది. చేరే ముందు చేరిక పత్రం కొట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చి మిఠాయి పొట్లం ఇచ్చింది. "తార విషయంలో నాకు చాలా బాధగా ఉంది శంకరయ్య గారూ" అంది. నేను తల ఊపాను. పొట్లాన్ని చీమలు తిన్నాయి.

ఆ ఏడాది వానాకాలంలో తార వచ్చింది. గొడుగు గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చుంది. నాకు లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు. అనాథ పిల్లల సర్కారు గృహంలో పిల్లల్ని చూసుకునే ఆడమనుషులు కావాలని ప్రకటన పడిందట. ఆ ఫారం తెచ్చింది.

"కొట్టియ్యిండ్రి సార్" అంది.

పేరు కొట్టాను. తండ్రి పేరు, కీర్తిశేషులు మంగ్త్యా. పుట్టిన తేదీ, వయోపరిమితి దాటడానికి ఇంక కొన్ని నెలలే ఉన్నాయి. కులం. చదువు. తర్వాతి గడి దగ్గరికి వచ్చేసరికి, ఈ ఒక్కటైనా సరిగ్గా చేయాలనిపించింది.

"టీచర్ పని అనుభవం పన్నెండేండ్లు అని కొడుతున్న" అన్నాను.

"మీకు గుర్తున్నదా సార్?" అంది.

మామూలు గొంతుతోనే అడిగింది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. బయట కోదాడ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"లేదు అని కొట్టుండ్రి. సర్కారు రాసిన కాగితం గూడ గదే అంటది" అంది తార.

లేదు అని కొట్టాను. కాగితం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి ఒకసారి చదివింది. మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి చదివింది. తర్వాత నా పెన్ను అడగలేదు. సంచిలోంచి తన పెన్ను తీసుకుని, కింద తార అని సంతకం చేసింది.